గుండుసూదుల ఖాతా

నా పని సూదులతోనే,
కానీ నేను డాక్టర్ని కాను.
మబరార యూనివర్సిటీ ప్రజారోగ్య విభాగం వరండాలో
ఆకుపచ్చ గుడ్డ బిగించిన బోర్డు ఉంది.
దానికి కాగితాలు గుచ్చుతాను. గడువు దాటితే పీకుతాను.
పదకొండేళ్ళుగా ఇదే.

ఈ సోమవారం గుచ్చినవి:
జెనీవాలో మూడు నెలల శిక్షణ, ఒక్కరికే చోటు.
బెర్గెన్ నుంచి ఆరుగురు విద్యార్థులు వస్తున్నారు, దోమతెరలున్న గదులు కావాలి.
ప్రపంచ ఆరోగ్య వారం, శుక్రవారం పోస్టర్ల ప్రదర్శన.
మలేరియాపై ఉపన్యాసం, తర్వాత టీ.
"తర్వాత టీ" కింద ఎవరో పెన్నుతో గీత గీశారు.
నేను మాత్రం కాదు.

పిల్లలు పరిగెత్తుకొస్తారు.
"బ్యారుహంగా, ఆ ఫెలోషిప్ ఇంకా ఉందా?"
"నిన్న అర్ధరాత్రితో పోయింది"
అని చెప్పేటప్పుడు నా గొంతు
వార్డు బయటికొచ్చిన నర్సు గొంతులా ఉంటుందట.
నటుకుండా అంది ఆ మాట.
ఇప్పటికి నాలుగు గడువులు చేజార్చుకున్న పిల్ల.
ప్రతిసారీ సిఫారసు లేఖ రాయాల్సిన ప్రొఫెసరు
ఏదో ఒక దేశంలో, ఏదో ఒక సభలో.

శుక్రవారం వాన.
హాల్లో పోస్టర్లు, సమోసాలు, మెడల్లో పేర్ల బిళ్ళలు.
రుబిండి నుంచి క్యోముగిషా వచ్చింది
బోడా బండి వెనక కూర్చుని,
రబ్బరు బూట్లు గుమ్మం బయటే విడిచి.
ఊళ్ళో పిల్లల జబ్బలకి మూడు రంగుల టేపు చుట్టి కొలిచేది ఆమే.
ఆమె పేరుతో బిళ్ళ లేదు.
ఖాళీది ఒకటి తెచ్చి నేనే రాశాను,
చివరికొచ్చేసరికి చోటు చాలక అక్షరాలు ఇరుక్కున్నాయి.

ఇంగ్‌విల్డ్ పోస్టరు ముందు ఆగింది.
పటం. పటం నిండా ఎర్రచుక్కలు.
చుక్కకొక బిడ్డ, టేపు ఎరుపు చూపిన బిడ్డ.
రెండు వందల పద్నాలుగు.
ఇంగ్‌విల్డ్ చక్కగా చెబుతోంది,
రాత్రంతా అద్దం ముందు చెప్పుకున్నదానిలా.
క్యోముగిషా వేలు మాత్రం
ఒక చుక్క మీద ఆగిపోయింది.
"ఇది ఇక్కడ కాదు."

ఆ మాటను ఇంగ్లీషులోకి మోసింది నేనే.
ఎత్తుకున్నప్పుడు తేలికే. దించేసరికి బరువెక్కింది.

"వీడిది ఏటికి అవతల.
ఆ రోజు ఏరు పొంగింది.
అమ్మమ్మ నడుం లోతు నీళ్ళలో ఎత్తుకొస్తే
ఇవతలి గట్టు మీద కొలిచాను.
మీ ఫోను ఆ గట్టునే ఇల్లనుకుంది."

పటంలో అది గోరంత దూరం.
వానల్లో అరపూట నడక.

ఇంగ్‌విల్డ్ కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత జేబులు తడుముకుంది. నీలం పెన్ను దొరికింది.
ఎరుపు కావాలంది.
నేను వరండాలోకి వెళ్ళి
జెనీవా కాగితం నుంచి ఎర్ర తల గుండుసూది ఒకటి పీకి
క్యోముగిషా చేతికిచ్చాను.
గుచ్చింది, ఏటి అవతల,
టీకా వేసేటప్పుడు బిడ్డ మొహం చూసినట్టు
పటం వంకే చూస్తూ.

పేరు చెప్పింది.
చుక్కలకి పేర్లుండకూడదని నియమం,
కాబట్టి నేనూ చెప్పను.
"ఇప్పుడు అక్కడా ఉండడులే," అంది సమోసా అందుకుంటూ,
"మేకల వెంట ఎక్కడో తిరుగుతుంటాడు. కాలు ఒకచోట నిలవదు."

సాయంత్రం స్టోరు ఖాతా రాయాలి.
తీసుకున్నవి నూరు. ఉన్నవి తొంభై తొమ్మిది.
తగ్గుదలకు కారణం అన్న గడిలో
"ఏటి అవతల" అని రాశాను.
స్టోరు గుమాస్తా ఏమంటాడో సోమవారం తెలుస్తుంది.

వరండాలో జెనీవా కాగితం మూడు సూదుల మీద,
విడిపోయిన మూల గాలికి టపటపా కొట్టుకుంటూ.
గడువు ఈ అర్ధరాత్రి.
నటుకుండా ప్రొఫెసరు గది బయట
బల్ల మీద కూర్చుని ఉంది,
తలుపు కింది సందులో వెలుతురు చూస్తూ.