మూడో గేరు పన్ను

నార్లేన్‌లో జ్లాట్కో షెడ్డు.
రేకుల మీద వాన పడితే మాట వినబడదు,
వేలితో చూపించి చెబుతాడు.
నూనె తట్టలో మూడో గేరు.
అంటే, దానిలో మిగిలింది.

ఒక పన్ను ఏరి నా అరచేతిలో పెట్టాడు.
బియ్యపుగింజ కన్నా లావు, చింతగింజ కన్నా సన్నం.
విరిగినచోట పటికబెల్లం పగిలినట్టు గరుకు.
చిన్నప్పుడైతే పేడలో చుట్టి
ఇంటి కప్పు మీదికి విసిరేదాన్ని, మళ్ళీ మొలుస్తుందని.
ఈ కప్పు మీద సముద్రపు కొంగలున్నాయి.
జేబులో వేసుకున్నాను.

తప్పు నాదే.
తొంభై తొమ్మిది నాటి సుబారు.
చిన్న టర్బో పీకించి పెద్దది పెట్టించాను,
ఇంజెక్టర్లు మార్పించాను,
బూస్టు పద్నాలుగు నుంచి ఇరవైకి ఎక్కించాను.
మధ్యలో కూర్చుని ఇదంతా చక్రాలకి అందించేదాన్ని మాత్రం
అడగలేదు.
దీన్ని గాజుపెట్టె అంటారు ఈ బండ్ల పిచ్చివాళ్ళు.
నాకు తెలుసు. తెలిసే.

నా ఉద్యోగం చూస్తే
రేవులో ధాన్యం లారీలు తూచడం.
రెండొందల కిలోలు ఎక్కువున్నా
"ఇరుసు ఆగదు నాయనా" అని వెనక్కి పంపేస్తాను.

ఆ రోజు రాత్రి షిఫ్టు దిగి,
కనుబొమల మీద గోధుమ దుమ్ముతో,
కొరయో దగ్గర హైవే ఎక్కే మలుపులో
ఒక లారీకి దారివ్వబుద్ధి కాక
మూడులో ఉండగా కాలు అదిమాను.
టర్బో ఊపిరి పీల్చడం వినబడింది.
ఆ అరక్షణం ఆలస్యమే నాకిష్టం,
పసిపిల్ల ఏడ్చేముందు నోరు తెరిచి ఆగినట్టుంటుంది.
తర్వాత
రోట్లో రాయి పడ్డ చప్పుడు.
లారీవాడు హారను కూడా కొట్టలేదు.

జ్లాట్కో ఫోర్డు ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు.
మూతపడిన రోజు తెచ్చుకున్న టార్క్ రెంచి
మేకుకి వేలాడుతోంది,
షెడ్డులో దుమ్ము పట్టనిది అదొక్కటే.

"జపాన్ నుంచి దిగిన ఆరు గేర్లది ఉంది,
డాండెనాంగ్‌లో ఒకడి దగ్గర" అన్నాడు.
"కానీ ఒక్కటే రాదు.
వెనక డిఫరెన్షియల్ కూడా దాని జతదే కావాలి,
ముందు చక్రాలది ఒక లెక్క, వెనకవాటిది ఇంకో లెక్క అయితే
ఒకదాన్నొకటి తినేస్తాయి.
అది మారిస్తే ఇరుసులు. ఇరుసులు మారిస్తే హబ్బులు.
షాఫ్టు పొట్టిది. క్లచ్చి పెద్దది."

గోచీని ఎలకలు కొడుతున్నాయని పిల్లిని తెచ్చి,
పిల్లి పాలకోసం ఆవుని తెచ్చిన సన్యాసి కథ చెప్పాను.
"చివరికి పెళ్ళాడా?"
"పెళ్ళాడాడు."
"అయితే మంచి గేరుబాక్సే" అన్నాడు.

నాలుగు శనివారాలు.
పాతది దించితే బండి ముక్కు
బెత్తెడు పైకి లేచింది, తేలిగ్గా, సిగ్గులేకుండా.
కొత్తది జాకీ మీద ఎత్తి,
దాని ఇరుసు క్లచ్చి నడుమ దూర్చడానికి మూడు గంటలు.
నేను కింద పడుకుని తోస్తున్నాను,
మోచేతుల్లోంచి నూనె చంకల్లోకి కారుతోంది.
"తొయ్యకు" అన్నాడు. "ఊపు."
ఊపాను.
"ఇంకా మెల్లగా."
ఏదో చోట, ఎవరూ తొయ్యకుండానే,
లోపలికి జారి కూర్చుంది.
ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.
వాన కూడా లేదు అప్పుడు.

క్లచ్చి ఒదిగేదాకా
వెయ్యి కిలోమీటర్లు మెత్తగా నడపాలన్నాడు.
బూస్టు తగ్గించి, కంప్యూటరుకి తాళం వేసి
తాళం తన దగ్గరే ఉంచుకున్నాడు.

అదే మలుపు. పొద్దున్న ఆరున్నర.
అద్దంలో గోధుమ లారీ,
బరువు నలభై రెండు టన్నుల ఆరువందలు,
నేనే తూచాను.
మూడులో ఉన్నాను.
కింద ఆరు వరుసల ఇనుము, ఎంతైనా మోస్తానంటోంది.
బూడిదగిన్నెలో ఆ పన్ను గలగలమంది.

పోనిచ్చాను.
మీటరు మీద ఆరువందల పన్నెండు.
ఇంకా మూడువందల ఎనభై ఎనిమిది.