సున్నా టికెట్టు

మణికొండ పదకొండో అంతస్తు కెల్లి
నాలుగు సొరుగులు వాపస్ వచ్చినయి,
లిఫ్టుల దిగి, ఆటో ఎక్కి,
ముషీరాబాద్ గల్లీ గుంతలన్నిట్ల ఎగిరెగిరి.
మూలకాడ సందు.
సన్నది. గోరు పట్టేంత.
మేడమ్ గోరు పట్టింది.

నేను తుకారాంను తిట్టిన.
"నీ చెయ్యే వంకర" అన్న.
"పొద్దుగాల నారాయణఖేడ్ బస్సెక్కు" అన్న.
వాడు చీపురు తీసుకొని పొట్టు ఊడ్చిండు,
ఊడ్చిన కాడనే మళ్ల ఊడ్చిండు.

రాత్రి నిద్ర పట్టక దుకాణం తెరిచి
ప్లగ్గు పీకి
రంపం మిషన్ ముందట కూసున్న.
లతీఫ్ చాచా అనేటోడు:
మిషన్‌ను అడిగినంక మనిషిని అడుగు బేటా.
బతికున్నన్నాళ్లు ఆ మాట
ఆయన సుర్తి డబ్బీ మూత చప్పుడోలె విన్న.

బ్లేడుకు అరవై పళ్లు.
ఒక్కదానికి సుద్దతో బొట్టు పెట్టిన.
చిన్న పట్టీకి స్క్రూ దిగ్గొట్టి
బల్ల మీది గాడిల జరిపిన.
ముందట ఆ పన్ను స్క్రూను తాకి
టింగుమన్నది.
అదే పన్నును చేత్తో తిప్పి ఎనుకకు తెచ్చి
పట్టీని దాని ఎంబడే జరిపిన.

చప్పుడు లేదు.

సందు కొలువ జేబుల వెతికితే
పైసలు లేవు, పెన్సిల్ లేదు,
మధ్యాహ్నం సబిత డబ్బా తెచ్చినప్పుడు
మూత కింద మరిచిన బస్సు టికెట్టు.
ఆడోళ్లది, సున్నా రూపాయలది.
దూర్చిన, దూరింది.
మడిచిన, దూరింది.
మూడు పొరలకు ఆగింది.

మూడు సున్నాలు కలిపితే
బడిల సున్నానే.
ఈడ నాలుగు సొరుగులు.

బల్ల కింద పండుకొని, మొఖం మీద పొట్టు రాలంగ,
మూడు బోల్టులు వదులు చేసిన.
నాలుగోది ముట్టలే.
అన్నీ వదిలితే ఎటు తిరగాల్నో దానికి తెల్వదు.
కట్టె సుత్తితో తట్టిన, దగ్గినంత మెల్లగ.
టింగు, టింగు, రెండు దిక్కుల ఒక్క తీరు.
బిగిస్తే మళ్ల జరిగింది!
మళ్ల వదులు. మళ్ల టింగు.
ఈసారి ఒక్కో బోల్టు కొంచెం కొంచెం.

గైడును సమానం చేసి
ఎనుక దిక్కు ఎంట్రుక వాసి ఎడం ఉంచిన.
కట్టె ఇరుకున పడితే తంతది,
చాచా పొట్ట మీద ఆ తన్ను
సావుదాక నల్లగ ఉండె.
బ్లేడు పక్కన గునియ నిలబెట్టి చూసేసరికి
మసీదుల ఫజర్ అజా.

ఎనిమిదింటికి తుకారాం వచ్చిండు, బట్టల సంచితో.
ఏం చెప్పాల్నో తెల్వక
టేకు పలక నిలబెట్టి చేతికిచ్చిన.
కోసిండు.
ఒక ముక్కను తిరగేసి, కోసిన మొఖాలు రెండు కలిపి
ట్యూబ్‌లైటుకు ఎత్తి పట్టిండు:
తప్పుంటే అట్ల రెండింతలై కనబడ్తది.
"ఎలుగు వస్తలేదు సేఠ్" అన్నడు.

జర సేపు ఆగి అడిగిండు:
"ఎప్పటి సంది వంకరుండె?"

దసరాకు ముందు దుకాణం మార్చినప్పుడు
నలుగురం మోసినం దీన్ని.
కింది ఇనుప కాళ్లు పట్టాలె,
మీది గైడు పట్టాలు పట్టుండ్రి అన్నది ఎవరు?
అన్నది నేను.
దసరా సంది నిన్నటిదాక
ఆ పిల్లగాని చేతిని ఎన్నిసార్లు తిట్టిన్నో
మడిచి కొలిచే టికెట్టు లేదు నాకాడ.

"మణికొండకు నేను పోత" అన్న.
వాడు సంచి మొలకు తగిలేసి
ప్లై షీటు మీద గీత గీస్తున్నడు.
నా దిక్కు చూడలే.