చెవి గాటు

స్వాతి కార్తె వచ్చినా దొరువులో నీళ్ళు
మోకాలి మీదికి రాలా.
బిందె ముంచితే ముందు ఇసకే వస్తుంది.
తెల్లవారుజామున రామాయపట్నం వైపు నుంచి
సముద్రం హోరు గట్టిగా వినపడితే
వాన దగ్గర్లో ఉన్నట్టని మా అత్త లెక్క.
వాయుగుండం ఒడిశాకి మళ్ళిందని టీవీ లెక్క.
కొట్టంలో బర్రె ఏ లెక్కా చెప్పదు,
నెమరేస్తూ నా కొంగు వాసన చూస్తుంది.

ఆ మధ్య తిరపాలు మందని తోలుకొచ్చాడు,
కనిగిరి అవతల గడ్డి చాలక.
మూడు రాత్రులు మా చేలో గొర్రెల్ని నిలిపితే
రాత్రికింతని బియ్యం, పైన చుట్టలకి డబ్బులు.
నాలుగొందల గొర్రెలు చీకట్లో దగ్గుతుంటే
ఊరు ఊరంతా జలుబు చేసి
మా పొలంలో పడుకున్నట్టుంది.
నాకు నిద్ర పట్టలా.
కుక్కకీ పట్టలా.
మాల్యాద్రి మాత్రం గురక పెట్టాడు,
ఎరువు ఖర్చు మిగిలిన మనిషి నిద్ర అది.

నాలుగోనాడు పొద్దున్నే మంద లేచింది, దాంతోపాటే దుమ్ము.
వలలు చుట్టి ఆటోలో పడేశారు.
పోయినోడు పోయినట్టే వెనక్కి తిరిగొచ్చి
తిరపాలు గొంగట్లోంచి ఒక పిల్లని తీసి
నా కాళ్ళ దగ్గర పెట్టాడు.
రాత్రి పుట్టింది. తల్లికి పాల్లేవు. నడవలేదు.
"బతికితే శివరాత్రికొచ్చి తోలకపోతా.
పోతే పోయిందనుకోమ్మా."
సైకిలు అప్పజెప్పినట్టు చెప్పి
కర్ర భుజానేసుకున్నాడు.
పిల్ల చెవి కొసన కత్తెర గాటు, తడింకా ఆరలేదు.
పుట్టిన రాత్రే దాని మీద పేరు రాసేశారు.

పాల సెంటరుకి ఆరున్నరకల్లా పోవాలి.
వెన్న శాతం చూసే కుర్రాడిది రోజూ ఒకటే మాట:
"మీ బర్రె నీళ్ళెక్కువ తాగుతుందక్కా."
ఆ రోజు క్యానులో అర లీటరు తక్కువ.
చీటీ మీద పడింది.
మాల్యాద్రి చీటీని చూశాడు, నన్ను చూశాడు,
"నెలకి పదిహేను లీటర్లు" అన్నాడు వేళ్ళు మడిచి.
ఉలవపాడు నుంచి తెచ్చిన పీక సీసాకి తొడుగుతూ
"నీ చుట్టలకెంతవుద్దో అది కూడా ఎయ్యి" అన్నా.
మళ్ళా లెక్కలు వినపడలా.

మొదటి రోజు తాగలేదు.
రెండోరోజు నా చిటికెనవేలు పట్టుకుంది,
ఆ బుల్లి నోటికి అంత బలమెక్కడిదో.
పొయ్యి పక్కన గోనెసంచి మీద దాని కాపరం.
మూలన బుట్టలో గుడ్ల మీదున్న కోడి
మెడ ఈకలు నిక్కించి దాన్ని పూటపూటా తిట్టింది.
పదమూడు గుడ్లలో పదకొండే పిల్లలయ్యాయి.
మిగతా రెంటినీ ఇంకా వదల్లా.
దానికి ఎవరు చెప్తారు.

నిన్న రాత్రి వాన,
టీవీకి చెప్పకుండా వచ్చింది.
శనక్కాయలు ఆరబోసిన పట్టా లాగుతూ ముగ్గురం తడిశాం,
అత్త వద్దన్నా వినకుండా ఒక కొస పట్టుకుంది.
కారే చోటల్లా గిన్నెలు పెట్టి వచ్చేసరికి
పొయ్యి దగ్గర గోనెసంచి ఖాళీ.
సెల్ఫోను లైటేసి మంచం కింద, కట్టెల వెనక,
ఆఖరికి దొరువు దాకా పోయి
నీళ్ళ మీద లైటు కొట్టా.
చూడాలని లేదు, చూడక తప్పలేదు.

అది కొట్టంలో
బర్రె పొట్ట కింద ముడుచుకుని పడుకోనుంది,
ఏమీ ఎరగనట్టు.
ఎప్పుడూ చిర్రుబుర్రులాడే బర్రె
కాలు మార్చకుండా, తోక ఆడించకుండా
తెల్లార్లూ నిలబడే ఉంది.

పొద్దున పాలు తక్కువిచ్చింది.
ఏమీ అనలేదు నేను.

దొరువులో నీళ్ళు ఇప్పుడు నడుం దాకా.
చేలో పెంట నాని ఎర్ర ఇసక నల్లబడి
ఆ వాసన వంటింట్లోకే వచ్చేస్తుంటే
మాల్యాద్రి పెళ్ళి భోజనాల దగ్గర నిలబడ్డట్టు
కళ్ళు మూసుకుని పీలుస్తున్నాడు.

శివరాత్రికి ఇంకా నాలుగు నెలలు.
చెవి గాటు మానింది,
వేలితో తడిమితే చిన్న మెట్టులా తగుల్తుంది.
పోయేదానికి పేరెందుకని
పెట్టలేదు నేను.
ఆయనే, చీటీ పెట్టెలో దాచుకుంటూ,
"అర్లీటరూ" అని కేకేస్తాడు.
అదీ పలుకుతుంది.