ఆగగాడి

సిరొంచ బడి. మరాఠీ పేపరు.
పదో ప్రశ్న: ‘నా ఆగగాడి ప్రయాణం’.
ఐదు మార్కులు.

మరాఠీలో అది రైలు.
తలాండి మల్లుబాయి చెవులు తెలుగువి,
ఆగిన గాడి అనుకుంది.

రాసింది గదా:
వానల్ల అహేరి బస్సు వాగుకాడ ఆగింది.
తమ్మునికి రాత్రంత జ్వరం.
డ్రైవరు తన దుప్పటి ఇచ్చిండు.
తెల్లారి వాగు తగ్గింది, బస్సు కదిలింది.
మేం ఎక్కలేదు,
ఇంటికే మళ్ళినం.

జిల్లా నుంచి వచ్చిన జవాబుల కాయితంల
స్టేషను, టికెట్టు, కూత, కిటికీ:
ఒక్కోదానికి ఒకటి.
దస్తూరికి ఒకటి.

దస్తూరికి ఒకటి వేసిన.
మొత్తం ముప్పై నాలుగు.
పాసుకు ముప్పై ఐదు.

ఎర్రపెన్ను
వాగుకాడ ఆగి ఉంది.
కట్టల ఇంకా నలభై పేపర్లు.