మంగళవారం డ్యూటీ

మంగళవారం పదింటికి నా డ్యూటీ.
రిటైరై తొమ్మిదేళ్ళు, అయినా ఖాకీ చొక్కా తొడుక్కుంటాను.
తెల్ల చొక్కాలో వెళితే తవిటినాయుడు
నన్ను బండెక్కనివ్వడు.

చీపురుపల్లిలో రైలుగేటు అవతల వాళ్ళ వరండా.
ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని వెనక ఒకటి.
ముందుది నాది.
స్టీరింగు లేదని చూసి అసిరమ్మ
స్టీలు పళ్ళెం తెచ్చి చేతిలో పెట్టింది, నవ్వకుండా.

ఇరవైరెండేళ్ళు
విజయనగరం నుంచి పాలకొండ, పాలకొండ నుంచి విజయనగరం,
వెనక్కి తిరిగి చూసే పని పడలేదు నాకు.
ఒక విజిలుకి ఆపేవాణ్ణి. రెండు విజిళ్ళకి పోనిచ్చేవాణ్ణి.

మొదట తప్పింది చిల్లర.
పాలపాకెట్టుకి వందిచ్చి మిగతా అడక్కుండా వచ్చేశాడు.
ఏడు రూపాయలు తక్కువొస్తే
డిపోలో అర్ధరాత్రి దాకా ఎస్సార్ కాగితం దిద్దిన మనిషి!
తర్వాత చెప్పుల జత.
తర్వాత మనవడి పేరు.
తర్వాత ఒక మధ్యాహ్నం, అన్నం కలుపుతూ తలెత్తి
"ఎవులమ్మా నివ్వు?"

చాదస్తమన్నారు కొందరు.
గాలి సోకిందని తాయెత్తు కట్టించారు.
వియ్యపురాలైతే, బయట చెప్పకండి, మాకింకా పెళ్ళి కావలసిన పిల్లుంది అంది.
విజయనగరం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మాత్రం
కాగితం మీద మెదడు బొమ్మ గీసి
ఎక్కడెక్కడ దీపాలారుతున్నాయో చూపించింది.
"ఇది జబ్బమ్మా. ఆయన మొండితనం కాదు, నీ తప్పూ కాదు."
ఆ చివరి మాటకి అసిరమ్మ అక్కడే ఏడ్చేసింది.
నేను గోడ మీద కాలెండరు చూస్తూ కూర్చున్నాను.
తగ్గదట. నెమ్మదిగా చేసుకుంటూ పోవచ్చట.
"నువ్వు కూడా నిద్రపోవాలి" అని కూడా అంది.
మందుల చీటీలో అది రాయలేదు.
ఏ షాపులో దొరుకుతుంది?

రాత్రి రెండింటికి ఫస్టు బండని లేస్తాడు.
తాళమేసిన గేటు పట్టుకుని ఊపుతాడు.
ఆమె పైటకొంగు ఆయన మణికట్టుకి ముడేసుకుని పడుకుంటుంది.
"పెళ్లినాడు పంతులేసిన ముడి ఇంత గట్టిది కాదు బావూ" అంది ఒకసారి.

ఒకనాడు,
"టిక్కెట్టు నేకుండా ఎక్కినావేటి, దిగు!"
చెయ్యి పట్టి లాగేశాడు.
గాజు విరిగి దిగబడింది.
కట్టు కట్టించడానికి తీసుకెళ్తుంటే ఆటోలో అంది:
"ఆయన కాదు కొట్టినాది. జబ్బు."
కాసేపాగి,
"నొప్పి మాత్రం నాకే కదేటి."

ఆ వారం నుంచే నా డ్యూటీ మొదలు.
తొలి మంగళవారం ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు.
వెనక గదిలో నోరు తెరుచుకుని మూడు గంటలు నిద్రపోయింది.
ఇప్పుడు గరివిడిలో చెల్లెలింటికి వెళ్ళొస్తుంది.
ఒక్కోసారి ఊరికే సంతలో తిరిగొస్తుంది, ఏదీ కొనకుండా.

వెనక కుర్చీలోంచి స్టేజీలు పిలుస్తాడు తవిటినాయుడు.
నెల్లిమర్ల... గుర్ల... గరివిడి...
అక్కడ ఆగిపోతాడు.
తరవాతి స్టేజీ తన ఊరే. అదే రాదు.
పెదవులు కదులుతాయి, కళ్ళు కంగారుపడతాయి.
నేను అందివ్వను. అందిస్తే చిన్నబోతాడని తెలుసు.
"గేటు పడింది నాయుడూ, బండి ఆపాను" అంటాను.
"అలాగా" అని స్థిమితపడతాడు.
ఇద్దరం కూర్చుంటాం.
నిజంగానే గూడ్సు ఒకటి పోతుంది అటు,
వరండా అదిరేలా, ఎన్ని పెట్టెలో.
అది దాటాక నోటితోనే రెండు విజిళ్ళు వేస్తాడు.

మొన్న ఆమె సంచితో మెట్లెక్కుతుంటే
లేచి నిలబడ్డాడు.
"ఎక్కడికమ్మా?"
"రాజాం బాబూ."
కాలెండరు చింపిన ముక్క ఆమె చేతిలో పెట్టి
బండంతా ఒకసారి కలయజూశాడు.
"సీట్లు నేవు. నా సీట్లో కూకో,
నాను నిలబడతాన్లే."
కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది.
నేను పళ్ళెం తిప్పాను.

మంగళవారం నాది.
శనివారం టైలరు గున్నమ్మ కూతురు వస్తానంది.
బుధవారం ఖాళీగా ఉంది.