అణా వంతు

రాగోలులో తొమ్మిదిన్నరకి వరిపువ్వు విచ్చుకుంటుంది.
కాసేపే. ఎవరికోసమూ ఆగదు.
నిన్న సాయంత్రమే తవిటమ్మ
ఒక్కో పువ్వు తల మూడోవంతు కత్తిరించి
చిమటాతో ఆరు కేసరాలూ లాగేసింది,
చీరకంటిన నూగు ఏరుకున్నంత తేలిగ్గా.
వెన్నకాగితం సంచి తొడిగి గుండుసూది గుచ్చింది.
ఈ పొద్దుటికి ఆ కంకి ఉత్త ఆడది.

నా పని రిజిస్టరు.
తల్లి: పధ్నాలుగో నంబరు.
తండ్రి: నిరుటి సంకరం, తొమ్మిదో కుండీ.
నాలుగేళ్లుగా తల్లి గడిలో అదే నంబరు,
రాసి రాసి ఆ చోట కాగితం పల్చబడింది.

మొదట్లో ఒక్కసారి మాత్రం
ఆ పక్క గడిలో ఒక పేరు రాశాను.
నీటికాకి.
వంశధార మొగ దగ్గరి పల్లపు మడుల్లో
ఒక ముసలాయన గాదె అడుగున దొరికిన వడ్లు.
నల్ల పొట్టు, ఎర్ర బియ్యం, జానెడు మీసం,
చెయ్యి తగిలితే రాలిపోయే గింజ,
ఎకరానికి ఏడు బస్తాలయితే మహా గొప్ప.
కానీ పదిహేను రోజులు వరద కింద పడుకుని
ఏమీ జరగనట్టు లేచేది.
పధ్నాలుగో నంబరు ముప్పై బస్తాలిస్తుంది,
నాలుగో రోజుకి కుళ్లిపోతుంది.

హేమసుందరి మేడమ్ చెప్పింది:
దాన్నుంచి మనక్కావలసింది ఒక్కటే గుణం.
తక్కినదంతా వచ్చినదారినే పంపెయ్యాలి.

"మేనరికమన్నమాట," అంది తవిటమ్మ, చిమటా తుడుస్తూ.
"ఒక్కపాలి బయటి పిల్లని తెచ్చినారు.
మరింక తిరగా తిరగా సొంతింటికే ఇస్తన్నారు."
మేడమ్ నవ్వింది. నేను రాసుకోలేదు,
ఆ మాటకి గడి లేదు.

కత్తిరించిన పొట్టులో గింజ గట్టిపడితే
సగం బియ్యం బయటికే ఉంటుంది,
చొక్కా చాలని పిల్లాడి బొజ్జలా.
అలాంటివి నలభై ఎనిమిది మొలకెత్తాయి.
సిమెంటు తొట్టిలో దింపి నీళ్లు వదిలాం.
పధ్నాలుగు రోజులు
పైన ఆకాశం, కింద బురదరంగు, మధ్యలో ఏమీ కనిపించదు.

నీళ్లు తీసిన రోజు తెలిసింది.
గాలికోసం పైకి సాగినవి
సాగి సాగి నారలా వాలిపోయాయి.
ఎదగడం మానేసి
ఉన్న కాస్త తీపినీ వేళ్ల దగ్గర దాచుకుని
కదలకుండా ఉన్నవి ఇరవై రెండు,
పొట్టిగా, జిగురుగా, ఆకుపచ్చగా.
కావలసిన గుణం అదేనట:
ఆగడం.

తొట్టి గట్టు మీద టీ తాగుతూ అడిగాను,
ఇంతకీ ఇందులో నీటికాకి ఎంత మిగిలుంటుందని.
మేడమ్ శాతాల్లో చెప్పబోయింది.
తవిటమ్మ అప్పటికే వేళ్లు మడిచేసింది.
"మొదటిది అర్ధరూపాయి. తరవాత పావలా. బేడ.
ఇది అణా గదేటి?"
అణాయే. పదహారో వంతు.

"నాకెలా తెల్సంటే, మా అమ్మమ్మ సవరోల పిల్ల బాబూ.
సీతంపేట కొండ దిగి తాత ఎనకాల ఒచ్చీసినాది.
ఆ తరవాత అన్నీ మేనరికాలే, అంతా తాత ఓటమే.
అమ్మకి అర్ధరూపాయి, నాకు పావలా,
నా కూతురికి బేడ.
మనవరాలు హారిక అణా.
ఆ యమ్మ బాస మాకెవలికీ రాదు.
మొకం కూడా ఎవలికీ రానేదు.
కోడిపిల్లల్ని పిలిసే కూతొకటి ఉండిపోనాది."

కేకల్లోనూ బతికేవీ వాలేవీ ఉంటాయా
అని అడగాలనిపించింది. అడగలేదు.
ఇరవై రెండు కుండీలకీ చీటీలు కట్టాను,
రేపు మళ్లీ పధ్నాలుగుతోనే. అర్ధణా అవుతుంది.
విడుదల కాగితంలో ఒక అంకె ఉంటుంది, ఒక సంవత్సరం ఉంటుంది.
నల్ల పొట్టు మాట ఉండదు.

పొద్దు వాలుతుంటే గట్టు దిగుతూ
ఆ కూత ఒక్కసారి వినిపించమన్నాను.
తవిటమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి,
"కోళ్లు నేకుండా ఎలాగ పిలుస్తాను?" అంది.