కరెంటు బిల్లు వెనకవైపు

జామ్ సీసాలో అరవై ఆరు లరీలు.
రెండుసార్లు లెక్కపెట్టాను,
రెండోసారి పెరుగుతాయేమోనని.
కరెంటు బిల్లు తిరగేసి, అంకె రాసి,
చక్కెర డబ్బా కింద పెట్టి పనికి పోయాను.

సాయంత్రం వచ్చి చూస్తే
కింద ఓతియా చేతిరాత, నీలం పెన్సిలు:
"ఆరు నూరైనా ఈ నెల్లో వెళ్దాం, ఎతెరీ."

ఆరు నూరవడం నేనెప్పుడూ చూడలేదు.
నూరు ఆరవడం మాత్రం
ప్రతి నెలా ఇరవయ్యో తారీఖుకల్లా చూస్తాను.

ముందు సముద్రం రాశాడు.
బతూమికి రైలు, గది, గొడుగు కింద రెండు కుర్చీలు.
కూడితే సీసా మూతి దాటిపోయింది.
పొద్దున లేచి నేనే దాని మీద అడ్డంగా గీత గీశాను.
అంత నీటికీ ఒక్క గీత చాలింది.

తర్వాత బోర్జోమి.
పైన్ చెట్లు, చల్లగాలి,
నేలలోంచి ఉబికే గోరువెచ్చని నీళ్ళు, తుప్పు రుచి.
"ఖాళీ సీసాలు తీసుకెళ్తే నింపుకోవచ్చు, ఊరికే."
ఊరికే అన్న మాట కింద రెండు గీతలు.

వ్యానుకి మనిషికి పది, రెండున్నర గంటలు.
పాసెంజరు రైలుకి రెండే, నాలుగున్నర గంటలు.
లాండ్రీలో రెండు గంటలు నిలబడి
పరాయి చొక్కాల ముడతలు తీస్తే నాకొచ్చేది ఎనిమిది.
ఇక్కడ కిటికీ పక్కన కూచుంటే అదే ఎనిమిది మిగులుతోంది.
ఇంత తేలికైన ఉద్యోగం నాకెవరూ ఇవ్వలేదు.

గది సంగతి మ్జియా చెప్పింది, ఆవిరి గొట్టం చప్పుడులో అరుస్తూ:
"స్టేషన్ బయట అట్టముక్క పట్టుకుని ముసలమ్మలుంటారు.
డెబ్భై అంటుంది. కొండవైపు చూడు.
యాభై అంటుంది. బూటు తాడు ముడేసుకో.
నలభై అన్నాక వాటేసుకో.
అంతకన్నా లాగితే పొద్దున టీ ఇవ్వదు."
అంతా బిల్లు మీద పట్టలేదు.
"గది 40, బూటు తాడు" అని రాశాను.
అతనికేం అర్థమైందో, పక్కన ఒక బూటు బొమ్మ వేశాడు.

తిండి మూటలోదే. ఆరు ఉడకబెట్టిన గుడ్లు,
పొయ్యి గోడకి కాలిన రొట్టె, జున్ను,
వాళ్ళ పిన్ని చేసిన రేగుపళ్ళ పచ్చడి.
ఒక్క పూట మాత్రం హోటల్లో ఖింకాలి.
నేను ఆరు అని రాశాను.
సాయంత్రానికి అది పదయింది.
పొద్దున దాన్ని ఏడు చేశాను.
రాత్రికి ఎనిమిది, చుట్టూ గట్టిగా సున్నా చుట్టి,
ఇంక ముట్టుకోవద్దన్నట్టు.
తినేసిన వాటి పిడులు పళ్ళెంలో వదిలేసి
ఎన్ని తిన్నామో లెక్కపెట్టుకోవడం అందరి అలవాటు.
మా లెక్క పదకొండు రోజుల ముందే తేలిపోయింది.

రోప్‌వే, గీత.
వేడినీటి కొలను, ఇద్దరికీ పది. సీసాలో మిగిలేవి ఆరు.
దాని మీద గీత గీసే ధైర్యం ఇద్దరికీ లేక
అలాగే ఉండిపోయింది, పక్కన ప్రశ్నార్థకంతో.

అవును, పదకొండు రోజులు పట్టింది.
కార్ల గోదాము దగ్గర అతని కాపలా సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు.
ఐదున్నరకి నేను తలుపు వేసి వెళ్తాను,
ఏడున్నరకి అతను తీసి వస్తాడు.
మా ఇంట్లో తీరిక లేనిది మంచానికే.
నా వెచ్చదనంలో అతను, అతని గుంటలో నేను,
మూడేళ్ళుగా.
ఆదివారాలున్నాయి, నెలకి రెండు.
ఒకరు మేలుకుంటే ఒకరు కునికిపాట్లు.

చివరి రోజు కాగితంలో చోటు లేదు.
మూల మీద చిన్నగా రాశాడు:
"అలారం గడియారం ఇంట్లోనే."
దాని కింద, ఇంకా చిన్నగా, నేను:
"ముసలమ్మని దుప్పట్లు రెండడగాలా?"

ఇవాళ ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే
చక్కెర డబ్బా జరిపాను.

"ఒకటి."